లెక్క తప్పని సొట్ట

మా బావ లెక్కల సారు. కూరగాయల సంచి చేతిల పట్టుకొని బరువు దశాంశాలతోటి చెప్తడు. అసొంటి మనిషి కారుకు సొట్ట వడ్డంక అది ఉత్త సొట్టగ ఎట్ల మిగుల్తది?

వడ్డది మేడారం జాతరల. పస్రా దాటినంక బండి ముందట బండి, నడుమ ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు. అక్క నిలువెత్తు బంగారం మొక్కుకున్నది. అక్కడ బంగారమంటే బెల్లమే కాబట్టి బావ కూడా ధైర్యంగనే తూకం వేయించిండు. మొక్కు చెల్లిచ్చి వచ్చేసరికి ముందట ఎడమ టైరు మీది రేకు లోపలికి పోయున్నది. ఏ ట్రాలీ మూల తాకిందో ఎవలు చూసిన్రు? "తల్లులు మనుషులను సల్లగ చూసిన్రు, రేకుదేమున్నది" అన్నది అక్క. కథ అక్కడ్నే ఆగాలె. కానీ ఎండకాలం సెలవులొచ్చినయి.

ఆటోనగర్‌ల డెంటింగ్ మేస్త్రి సొట్టను బొటనవేలితోటి ఒత్తి చూసి, నాలుగు వేలన్నడు. బావ జేబులకెల్లి టేపు తీసిండు. (లెక్కల సారు జేబుల టేపు ఎందుకుంటదని నన్నడుగకున్రి.) అడ్డం 14 సెంటీమీటర్లు, లోతు ఒకటిన్నర. గోళంలకెల్లి కోసిన ముక్క అనుకొని సూత్రం వేస్తే 117 ఘన సెంటీమీటర్లు. "అంటే ఘన సెంటీమీటరుకు 34 రూపాయల 19 పైసలు!" అని మేస్త్రి దిక్కు చూసిండు.

మేస్త్రి పాపం మంచోడు. "సారూ, సొట్టను నింపుడు కాదు. రేకును లోపలికెల్లి లేపాలె. పుట్టీ పైపైన రెండు మూడు మిల్లీమీటర్లంతే. మందంగ వెడితే గతుకులల్ల పెచ్చు లేస్తది" అన్నడు. బావ తల ఊపిండు. ఆ ఊపుడును నేను ఎరుగుదును. తప్పు సమాధానం చెప్పిన పోరన్ని కూసోవెట్టేటప్పుడు అట్లనే ఊపుతడు.

ఇంటికొచ్చి ఫోన్ల వీడియో చూసిండు. మరిగిన నీళ్లు పోస్తే సొట్ట దానంతటదే బయటికొస్తదట. వస్తది, ప్లాస్టిక్ బంపర్‌కైతే. వేడికి మెత్తవడి పాత రూపానికి మళ్లుతది. ఇనుప రేకుకు అది ఉత్త స్నానమే. మే నెలల, మిట్టమధ్యాహ్నం, మా కారు వేడినీళ్ల స్నానం చేసింది.

తర్వాత టైరు లోపలి ప్లాస్టిక్ తొడుగు విప్పిండు. లోపలికెల్లి పప్పుగుత్తితోటి కొట్టుడు బావ పని, బయటికెల్లి రోటి పొత్రం అదిమి పట్టుడు నా పని. పద్ధతి తప్పేం కాదు, మేస్త్రులు కూడా ఒక దిక్కు సుత్తె, ఒక దిక్కు ఇనుప దిమ్మ పెట్టే రేకును సాపు చేస్తరు. కాకపోతే వాళ్లు ఎక్కడ ఆపాల్నో ఎరుగుదురు. కారు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. కొట్టిన కొద్దీ సాగుతది. సాగిన రేకు పోయే జాగ లేక ఉబ్బుతది. చివరికి ఒత్తితే టక్కున లోపలికి, వదిలితే టక్కున బయటికి, నూనె డబ్బా మూత లెక్క తయారైంది.

చప్పుడుకు వాడకట్టంత కదిలింది. పాలాయన, ఇస్త్రీ ఆయన, ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైరైన పక్కింటి మామ. వచ్చినోళ్లందరు ఒకసారి టక్కుమనిపిచ్చి, ఒక సలహా ఇచ్చి పోయిన్రు. ఇన్ని రోజులు ఆ సొట్టను మేం తప్ప ఎవలూ చూడలేదు. ఇప్పుడు పిలగాండ్లు బడి లేని రోజులాయె, ఆడుకునేటందుకే వస్తున్నరు.

80 నంబర్ ఎమరీ కాయిదంతోటి రంగు గీకుడు నాకే వచ్చింది. దాని సంగతి ఏం లేదు, ముక్కుల తెల్ల దుమ్ము, అంతే.

పుట్టీ దగ్గర బావ మళ్ల మనిషైండు. ఎందుకంటే అండ్ల శాతాలున్నయి. వంద గ్రాముల పుట్టీకి రెండు గ్రాముల హార్డెనర్, అంటే పుట్టీని గట్టివడగొట్టే ఎర్ర మందు. కిరాణం కాంట మీద అంత తక్కువ బరువు తూగదని, ట్యూబును స్కేలుతోటి కొలిచి గీతలు గీసుకున్నడు. సొట్ట సగం లేచినా పాత లెక్క పారెయ్యబుద్ధి కాక మొత్తం 117 ఘన సెంటీమీటర్లకు సరిపోను కలిపిండు. కలిపేటందుకు పెద్ద పళ్లెం కావాలన్నడు. నేను అర్రలకు పోయి చేతికందింది తెచ్చిన. బోర్లేసి, దాని వీపు మీద అట్లకాడతోటి కలుపుడు మొదలువెట్టిండు.

ఎర్ర చారలు పోయి రంగు ఒక్కతీరుగ వచ్చేదాక కలపాలె, అది నిజమే. మామూలు వేడిల నాలుగైదు నిమిషాలు మెత్తగుంటది. ఆ రోజు హనుమకొండల 43 డిగ్రీలు. రంగు ఒక్కతీరుగ వచ్చిందని బావ మురిసే లోపల అట్లకాడ దానంతటదే నిలవడ్డది. వదిలితే పడలేదు. పీకితే పళ్లెంతోటి సహా లేచింది.

"పాళ్లు తప్పలేదు" అన్నడు బావ. తప్పలేదు మరి. హనుమకొండ ఎండ కూడా ఒక హార్డెనరే అని ట్యూబు మీద రాసిలేదు.

అప్పుడు పళ్లేన్ని చుట్టు తిప్పి చూసిన. అంచు పొంటి అక్షరాలు. మా మేనకోడలు పుట్టిన ఇరవయ్యొకటో నాడు మా అమ్మ తన పేరు కొట్టిచ్చి వెట్టిన పళ్లెం అది. అమ్మకు పేరు ముందటి దిక్కు కొట్టిచ్చుడు ఇష్టముండదు, కూర కింద పోతదంటది. ఒక్కటే వరుస, వీపు మీది అంచుకు కొట్టిచ్చింది. సగం అక్షరాలు పుట్టీ కింద ఉన్నయి. బావ ముఖం తెల్లగైంది. అత్తగారి పేరు మీద పుట్టీ వెట్టుడు ఏ సూత్రంల లేదు. అక్క చూడకముందే పళ్లెం సజ్జ మీదికి పోయింది.

మిగిలిన పుట్టీ తెల్లారగట్ల, చల్లపొద్దున, కొంచెం కొంచెం కలిపి రుద్దినం. బాగనే వచ్చింది. ఆర్టీసీ మామ నీళ్లు పోసి గీకుమన్నడు. ప్రైమర్ మీదైతే ఆ మాట కరెక్టే, ఉత్త పుట్టీ మీద కాదు, అది నీళ్లు తాగుతది, ఆ నీళ్లు రేకుకు తుప్పు వట్టిస్తయి. మామకు ఎదురు చెప్పలేక ఆయన పోయినంక పొడిగనే గీకినం.

ప్రైమర్ స్ప్రే డబ్బా తెచ్చిండు బావ. కారుకు పేపర్లు అతికిచ్చుట్ల మాత్రం ఆయనకు తిరుగు లేదు, ఎన్ని నోటుబుక్కులకు అట్టలేసిన చెయ్యి! పది ఇంచుల దూరంకెల్లి కొడితే ఎండకు కాలుతున్న రేకు మీద సగం దూరంలనే ఆరి గరుకుగ పడ్డది. దగ్గరికి పోయి కొడితే ధారలు కారింది. నడుమ దూరం ఎంతో లెక్క కడుతుండంగ పడమటికెల్లి గాలిదుమారం లేచింది. పేపర్లు ఒక దిక్కు, మేం ఒక దిక్కు. గోడవతల మామోళ్లు ఆరబోసిన చపాటా మిరపకాయలు మా దిక్కు.

పచ్చి ప్రైమర్ మీద గింజలు ఎంత అందంగ అతుకుతయో చూస్తేగని తెల్వదు.

మామ గోడ మీదికెల్లి చూసి, "2025ల జీఐ ట్యాగ్ వచ్చిన సరుకు సారూ, ఉత్తగనే మీ బండికి వెట్టినం" అన్నడు. అక్క ఆ మాటకు నవ్వింది. జాతర తర్వాత కారు విషయంల ఆమె నవ్వుడు అదే మొదలు.

ఆటోనగర్ మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, ఒక గింజ గోటితోటి పీకి, "పేపర్లు మాత్రం మంచిగ అతికిచ్చిన్రు సార్, అంచు గీత ఇంకా సక్కగున్నది" అన్నడు. బావ ఆ మాట ఇంటికొచ్చి అందరికి చెప్పిండు. బిల్లు చెప్పలేదు.

మామిడికాయ తొక్కు వెట్టేటందుకు అమ్మ వచ్చింది. పెద్ద పళ్లెం ఏదన్నది. సజ్జ మీదికెల్లి దించుతుంటే బావ ఇంట్లకెల్లి బయటికి, బయటికెల్లి ఇంట్లకు తిరుగుతున్నడు. అమ్మ పళ్లేన్ని గచ్చుకు ఒక్క దెబ్బ కొట్టింది. నున్నటి స్టీలు మీద పుట్టీకి పట్టు ఉండదు కదా, బిళ్లకు బిళ్ల అట్లకాడతోటి సహా ఊడివడ్డది. అక్షరాల గాట్లల్ల మాత్రం గట్టిగ కూసున్నది. ఎమరీతోటి గీకినంకనే పుట్టీ వెట్టాలె అని మేస్త్రి ఎందుకంటడో అక్కడ అచ్చు గుద్దినట్టు రాసున్నది, మా అమ్మ పేరుతోటి.

"అత్తమ్మా, అది... గీతలుంటేనే పట్టుకుంటది" అన్నడు బావ.

అమ్మ పళ్లేన్ని వెలుగుకు పెట్టి చూసింది. కళ్లద్దాలు పెట్టుకోలేదు.

"సగం పేరే మంచిగ కనవడ్తున్నది అల్లుడా. మిగిలిన సగం, ఇంట్ల ఉన్న పాత గిన్నెలు, అన్నిటికీ సరిపోను ఉన్నదా ఆ డబ్బాల?"