పరిశోధనకు క్రెడిట్ సరే, జీతం మాటేమిటి?

నాలుగేళ్ల డిగ్రీకి యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన విధివిధానాల్లో 'పరిశోధనతో ఆనర్స్' అనే దారి ఉంది. తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏట అధ్యాపకుల దగ్గర పరిశోధన చేస్తే, డిగ్రీ లెక్కలోకి వచ్చే 12 క్రెడిట్లు. ల్యాబ్ పనికి క్రెడిట్‌కు 30 గంటల లెక్కన అది 360 గంటల పని. మార్కులైతే పడతాయి, చేతికి రూపాయి రాదు. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకునో, ఫుడ్ డెలివరీ చేసో హాస్టల్ ఫీజు కట్టుకునే విద్యార్థికి ఇది గిట్టుబాటు కాదు. మూడేళ్లకే పట్టా పుచ్చుకుని ఉద్యోగం వెతుక్కుంటారు.

అమెరికాలోని ఎంఐటీలో మార్గరెట్ మెక్‌వికర్ చొరవతో 1969లో మొదలైన విద్యార్థి పరిశోధన పథకం ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. క్రెడిట్ కావాలో, గంటల లెక్కన జీతం కావాలో విద్యార్థే ఎంచుకోవచ్చు. ఒకే పనికి రెండూ ఇవ్వరు. మన దగ్గరా కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌లో ఏటా రూ.80,000 ఉంటే, అందులో రూ.20,000 వేసవి పరిశోధన కోసమే. కానీ అది సైన్సు వాళ్లకే. చరిత్ర, తెలుగు, కామర్స్ చదివేవాళ్లకు అందులో చోటు లేదు.

క్రెడిట్ల కోసమే ప్రాజెక్టు చేయిస్తే ఏమవుతుందో ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో చూస్తూనే ఉన్నాం. అమీర్‌పేటలో డబ్బు కడితే కోడ్ పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, రిపోర్టు బంగారు అక్షరాల బైండింగ్‌తో వస్తుంది. వైవాలో ఏం చెప్పాలో కూడా వాళ్లే నేర్పి పంపుతారు. ఇక కావాల్సింది గైడ్ సంతకమే. అలాగని గైడ్‌నే తప్పుపట్టలేం. క్లాసులన్నీ చెప్పాక అన్ని బ్యాచ్‌లూ ఒక్కరికే అంటగడితే ఆ రిపోర్టులు ఎప్పుడు చదవాలి? పరిశోధన చేయించే గంటలను వర్క్‌లోడ్‌లో కలపనంత కాలం ఇది మారదు.

పీహెచ్‌డీ చేసేవారికిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కింద నెలకు రూ.37,000 ఇస్తున్నారు. అందులో ఆరో వంతు, అంటే సుమారు రూ.6,000 చొప్పున నాలుగో ఏడు పది నెలలు ఇచ్చినా చాలామంది మూడేళ్లకే వెళ్లిపోకుండా ఆగుతారు. ఉన్నత విద్యామండళ్లు ముందు అవసరమున్నవారితో మొదలుపెట్టవచ్చు. దీంతోపాటు సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థి, అధ్యాపకుడు కలిసి ఒక కాగితం రాసుకోవాలి: పని ఏమిటి, వారానికి ఎన్ని గంటలు, ప్రతిఫలం క్రెడిటా జీతమా, పరిశోధన పత్రం అచ్చయితే అందులో విద్యార్థి పేరు ఉంటుందా. ఏడాదంతా డేటా ఎంట్రీ చేయించుకుని చివర్లో పేరు ఎగ్గొట్టడం కొత్తేమీ కాదు కాబట్టి, ఆ ఆఖరి గడిని ఖాళీగా వదిలితే కాలేజీ ఆ కాగితాన్ని ఆమోదించకూడదు.