పెట్టెలు చేరితే సరిపోదు

2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సముద్రం అడుగున ఉన్న కేబుల్ తెగిపోయింది. దాన్ని అతికించి ప్రధాన దీవికి తిరిగి కనెక్షన్ ఇచ్చేసరికి అయిదు వారాలు గడిచాయి. అలాంటి రోజుల్లో ఎక్కడ నీళ్లు లేవో, ఎవరికి మందులు కావాలో చెప్పుకోవడానికి ఉపగ్రహ పరికరాలు, రేడియోలే దిక్కు. వాటిని విమానంలో పంపవచ్చు. విప్పి సరిగ్గా బిగించే చేతులను మాత్రం అప్పటికప్పుడు తయారుచేయలేం. అందుకే సహాయ సిబ్బంది శిక్షణ బటన్లు నొక్కడం దగ్గర ఆగకూడదని, పాడైనదాన్ని పట్టుకుని సరిచేయడం దాకా సాగాలని మేము కోరుతున్నాం.

డిష్ సంగతే చూడండి. 1.2 మీటర్ల కేయూ బ్యాండ్ (ఉపగ్రహ ప్రసారాలకు వాడే ఒక రేడియో తరంగాల శ్రేణి) డిష్ కిరణం వెడల్పు, అంటే అది సిగ్నల్ పట్టే కోణం, సుమారు ఒకటిన్నర డిగ్రీ. గురి పెట్టాల్సిన ఉపగ్రహమేమో భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. గురి కాస్త తప్పితే సిగ్నల్ పడిపోతుంది, ఇంకాస్త తప్పితే పక్క ఉపగ్రహం దొరుకుతుంది. సిగ్నల్ మీటరు లేచింది కదా అని కొత్తవారు సంబరపడతారు, మోడెమ్ మాత్రం ఎంతకీ లాక్ కాదు, అంటే కావాల్సిన సిగ్నల్‌ను పట్టుకోదు. చాలాసార్లు కారణం చిన్నదే. స్టాండు నిటారుగా ఉండదు. లేదా దిక్సూచిని వాహనం పక్కనో జనరేటర్ పక్కనో పట్టుకుని చూసి ఉంటారు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ ఉన్న తేడాను లెక్కలోకి తీసుకోకపోవడమూ మామూలే. ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్ అందుకునే భాగం మధ్యలో కాక కింది పక్కకు ఉండే రకం) అయితే కంటిని కూడా మోసం చేస్తుంది: నేలవైపు వాలినట్టు కనిపిస్తూనే దాని చూపు కనిపించేదానికన్నా సుమారు 20 డిగ్రీలు పైకి ఉంటుంది.

ముందు స్టాండును మట్టం చేయాలి. దిక్కును లోహానికి కొన్ని మీటర్ల దూరంలో నిలబడి చూసుకోవాలి. ఎత్తు కోణం బిగించాక డిష్‌ను పక్కకు చాలా నెమ్మదిగా తిప్పాలి. బోల్టు బిగిస్తున్నప్పుడే గురి జరిగిపోతుంది కాబట్టి అప్పుడూ కన్ను మీటరు మీదే ఉండాలి. ఆ తర్వాత ఉపగ్రహ నియంత్రణ కేంద్రానికి ఫోన్ చేసి పోలరైజేషన్ (తరంగం కంపించే దిశ) సరిచూపించుకోవాలి. ఇది చేయకుండా ప్రసారం మొదలుపెడితే అదే ఉపగ్రహం మీద నడిచే ఇతరుల లింకులు దెబ్బతింటాయి. చదివితే పది నిమిషాల్లో అర్థమయ్యే పనే ఇది, చేతికి రావాలంటే చీకట్లో, గాలిలో పదిసార్లు చేయాల్సిందే.

డిష్ కన్నా కరెంటే ఎక్కువ ఏడిపిస్తుంది. జనరేటర్ స్టార్ట్ చేశాక వోల్టేజి నిలకడగా ఉందో లేదో చూసి, అప్పుడే పరికరాలు కలపాలి. ఎర్తింగ్ రాడ్‌ను తడి నేలలో దింపాలి. డీజిల్ ఇంజన్‌ను మరీ తక్కువ లోడుతో గంటల తరబడి నడిపితే మసి పేరుకుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు పడిపోతుంది. పొగ గొట్టం గదిలోకి, గుడారంలోకి రాకూడదన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం.

రేడియో శిక్షణ డ్రైవర్లతో సహా అందరికీ ఇవ్వాలి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడకపోతే మొదటి మాట తెగిపోతుంది, రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ బలంగా పంపే పరికరం) మీద అయితే మరీను. 5 వాట్ల వాకీటాకీ ఇళ్ల మధ్య రెండు మూడు కిలోమీటర్లు దాటడం కష్టం, గుట్ట మీద రిపీటర్ పెడితే పదుల కిలోమీటర్లు అందుతుంది. యాంటెన్నా కలపకుండా ప్రసారం చేస్తే సెట్టు కాలిపోవచ్చు. కేబుల్ కొనల్లోకి నీరు దిగితే ఆ లోపం బయటికి కనపడదు, కాబట్టి టేపు చుట్టడమూ నేర్పాల్సిన విద్యే.

విపత్తు సహాయానికి వచ్చే ఇలాంటి సమాచార పరికరాలకు సుంకం, లైసెన్సు అడ్డంకులు తగ్గించడానికి దేశాల మధ్య 1998లో కుదిరిన టాంపేర్ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. అయినా సీరియల్ నంబర్లతో కూడిన జాబితా చేతిలో లేకపోతే పెట్టె కస్టమ్స్ దగ్గరే ఆగిపోగలదు. ఆ జాబితా రాయడం కూడా శిక్షణలో భాగం కావాలి.

పరికరాలకు డబ్బిచ్చే సంస్థలు సాధన రోజులకూ ఇవ్వాలి. ఆరు నెలలకోసారి నలుగురేసి జట్లకు సీలు వేసిన పెట్టెలు అప్పగించి, శిక్షకుడు ముందే ఒక కనెక్టర్ వదులు చేసి, ఒక స్పానర్ తీసేసి, పనిచేసే లింకు ఇవ్వమని అడగాలి. లింకు వచ్చాక యాభై ఫోన్లు ఒకేసారి అప్‌డేట్లు లాగితే దాన్ని ఎలా అదుపు చేస్తారో చూడాలి. చివరగా అదే పరికరాన్ని ఆ ఊరి మనిషికి అప్పగించి, అతని భాషలో రాసిన ఒక పేజీ సూచనలను పెట్టె మూత లోపల అతికించి, శిక్షణ పొందినవారు పక్కకు తప్పుకోవాలి. మర్నాడు ఉదయం ఆ మనిషి ఒక్కడే దాన్ని మళ్లీ నడపగలిగితేనే జట్టుకు ఉత్తీర్ణత ఇవ్వాలి.