రెండొందల డాలర్ల కౌబాయ్

అమెరికాలో సామాన్యుడు ఏం కొనగలుగుతున్నాడో మీరే చెప్పండి. ఇల్లు అందదు, పిల్లాడి డే కేర్ ఫీజు అందదు, అంబులెన్స్ ఎక్కితే ఆ బిల్లు చూసి మళ్లీ అంబులెన్స్ పిలవాలి. ఇంత కరువులోనూ పేదవాణ్ణి మర్చిపోని వస్తువు ఒకటుంది. చూడ్డానికి అచ్చం కోల్ట్ కంపెనీ వాళ్ల 1873 నాటి కౌబాయ్ రివాల్వర్‌లా ఉండి, .22 అనే సన్న రకం తూటాలు ఆరు పట్టే రివాల్వర్. హెరిటేజ్ కంపెనీ వాళ్ల రఫ్ రైడర్ అయితే మామూలు మోడల్ రెండొందల డాలర్ల లోపే దొరుకుతుంది. ఈ బీదల సేవలో తామెందుకు వెనకబడాలని రూగర్ అనే ఇంకో తుపాకీ కంపెనీ వాళ్లు 2019లో రాంగ్లర్‌ని దింపారు, అప్పట్లో చీటీ మీద ధర 249 డాలర్లు, షాపులో అంతకంటే తక్కువే. అసలు సిసలు కోల్ట్ కొత్తది కావాలంటే మాత్రం రెండు వేలకు అటూ ఇటూ పెట్టాలి. అంటే పదో వంతు సొమ్ముకు పూర్తి పౌరుషం. మనుషులంతా సమానమని రాసుకున్న ఆ దేశపు పెద్దలు కూడా ఈ స్థాయి సమానత్వాన్ని ఊహించి ఉండరు.

చవక ఎలా వచ్చిందని అనుమానించే నీచులు కొందరుంటారు. వాళ్లకూ జవాబుంది. దీని ఒళ్లు ఉక్కు కాదు, రఫ్ రైడర్ ఫ్రేము జింక్ మిశ్రమం, రాంగ్లర్‌ది అల్యూమినియం. బ్యారెల్, తూటాలు పెట్టే సిలిండర్ ఉక్కువే లెండి, అక్కడ కూడా పొదుపు చేస్తే పొదుపు చేసినవాడు మిగలడు. .22 తూటాలో మందు తక్కువ, పేలుడు ఒత్తిడి తక్కువ, కాబట్టి మెత్తటి లోహమైనా తట్టుకుంటుంది. లోహం చవక కాబట్టి ధర తక్కువ, ధర తక్కువ కాబట్టి రెండోది కొనొచ్చు, రెండోది కొన్నాక మూడోది ఎందుకు కొనకూడదో ఇంట్లోవాళ్లకు ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పైగా ఇది రిమ్‌ఫైర్ బాపతు. నిప్పంటించే మందు తూటా అడుగున అంచు చుట్టూ ఉంటుంది, వెనకుండే హ్యామర్ అనే సుత్తి ఆ అంచును నొక్కి కొడితే పేలుతుంది. పేలిన గుల్లను మళ్లీ నింపుకోవడం జరగని పని, పారేసి కొత్తది కొనాల్సిందే. అయితేనేం, ఒక్కోటి పది సెంట్ల లోపే. పెద్ద .45 కోల్ట్ తూటా ఒక్కటి పేల్చే ఖర్చుకు ఇవి గుప్పెడొస్తాయి, అంచేత పేల్చిన ప్రతిసారీ బోలెడు డబ్బు మిగులుతున్నట్టే. ఈ లెక్కన రోజూ పేల్చేవాడు ఈపాటికి కోటీశ్వరుడై ఉండాలి. ఎందుకు కాలేదంటే తుపాకీ పేల్చుకునే రేంజికి ఫీజు, చెవులకు మఫ్ఫులు, కళ్లజోడు, తోలు బెల్టు, దానికి తగ్గ బూట్లు, పిల్లల చేతికి అందకుండా పెట్టడానికి తుపాకీ కంటే ఖరీదైన ఇనప్పెట్టె. ఇవి లెక్కలోకి రావు. బంగారం కొన్నప్పుడు తరుగు లెక్క చూసుకుంటామా ఏంటి?

ఇక దీని గొప్పతనం అంతా మందకొడితనంలోనే ఉంది. ఇదొక్కటి అర్థమైతే మిగతావన్నీ అర్థమైనట్టే. మామూలు రివాల్వర్‌లో ట్రిగ్గర్ లాగితే హ్యామర్ వెనక్కి వెళ్లి తనే కొడుతుంది. ఇది సింగిల్ యాక్షన్ రకం, ఇందులో ఆ సుఖం లేదు, ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగి నిలబెట్టాలి, ట్రిగ్గర్ దాన్ని వదిలిపెడుతుందంతే. సిలిండర్ పక్కకి తెరుచుకోదు. కుడివైపున చిన్న తలుపుంటుంది, అది తెరిచి ఒక తూటా వేసి, సిలిండర్ తిప్పి, ఇంకో తూటా వేసి, మళ్లీ తిప్పి... ఆరు పేల్చాక అదే తలుపులోంచి ఒక్కో గుల్లనీ పుల్లతో వెనక్కి పొడిచి బయటికి తోయాలి. నూట యాభై ఏళ్ల కింద గత్యంతరం లేక చేసిన పని ఇది. ఇప్పుడు దీన్ని ఏకాగ్రత అంటున్నారు, క్రమశిక్షణ అంటున్నారు, మార్కెటింగ్‌లో కాస్త ప్రతిభ ఉన్నవాడెవడైనా త్వరలో ధ్యానం అని కూడా అంటాడు. ఫోన్ అర సెకను ఆలస్యంగా తెరుచుకుంటే విసిరికొట్టే మనిషి, శనివారం రేంజిలో నిలబడి ఇత్తడి గుల్లల్ని ఒక్కొక్కటిగా పొడుచుకుంటూ ఎంత ప్రశాంతంగా ఉంటాడో చూడాలి. అదే మనిషిని కూరలో కరివేపాకు ఏరమనండి.

రఫ్ రైడర్‌కి ఇంకో ప్రత్యేకత, హ్యామర్ పక్కన చేత్తో తిప్పే సేఫ్టీ మీట. కౌబాయ్‌ల కాలంలో ఇలాంటిది లేదు, సిలిండర్‌లో ఒక గది ఖాళీగా వదిలేసి అయిదు తూటాలతో తిరగడమే అప్పటి సేఫ్టీ. అందుకే వీరాభిమానులకు ఈ మీటని చూస్తే ఒళ్లు మంట, చరిత్ర పాడైపోయిందని గోల. జింక్ ఫ్రేము, పిడి మీద అమెరికా జెండా బొమ్మ, వీటితో పాడవని చరిత్ర ఆ చిన్న మీటతో పాడైందట. ప్రాణాలు కాపాడే భాగం ఒక్కటే అందాన్ని చెడగొడుతోందని అనిపించే వస్తువు గురించి ఇంతకంటే నేనేం చెప్పను.

"ట్వంటీటూయే కదా, బొమ్మలాంటిది" అనేవాళ్ల కోసం ఓ చిన్న పాత కబురు. అమెరికాలో 1968లో చట్టం చేసి, బయటి దేశాల నుంచి వచ్చే చవక రకం చేతి తుపాకుల్ని ఆపారు. వ్యాపారులేం తక్కువ తిన్నారా, అప్పట్లో విడిభాగాలకు చట్టం అడ్డురాలేదు కాబట్టి ఓ జర్మన్ కంపెనీ సరుకు ముక్కలుగా దిగి మయామీలో బిగించుకుని బజారుకొచ్చింది. అలాంటి .22 రివాల్వర్ ఒకటి డాలస్‌లో ఓ తాకట్టు కొట్లో అమ్ముడుపోయి, 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో ఓ హోటల్ బయట తేలింది. అది సింగిల్ యాక్షన్ కాదు, లాగితే చాలు పేలే రకం. రెండు సెకన్లలోపు ఆరు తూటాలు, నలుగురికి గాయాలు, అందులో ఒకాయన దేశాధ్యక్షుడు రీగన్. తలకు తగిలిన ప్రెస్ సెక్రటరీ బ్రేడీ జీవితాంతం కోలుకోలేదు. తుపాకీ కొనేవాడి పూర్వాపరాలు చూడాలన్న 1993 చట్టానికి ఆయన పేరే పెట్టారు. అంటే ఇప్పుడు రఫ్ రైడర్ కొనేవాడు కౌంటర్ దగ్గర ఫారం నింపి, తన పేరు కంప్యూటర్‌లో చూసేదాకా చేతులు కట్టుకుని నిలబడే ఆ కాస్త ఆలస్యం, ఆ బొమ్మలాంటి తూటా పుణ్యమే. కంపెనీలు ఈ సంగతి డబ్బా మీద అచ్చేసుకోవు గానీ, మైలు పైన కూడా ప్రమాదమని తూటాల పెట్టె మీద మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

డాలస్ మాట వచ్చింది కాబట్టి మనవాళ్ల దగ్గరికొద్దాం. 1970ల్లో తెలుగు తెర మీద టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన కౌబాయ్‌ని నేల టికెట్‌లో చూసిన తండ్రులకు పుట్టిన పిల్లలు ఇవాళ ఆ డాలస్ పక్కనే ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో జావా రాస్తున్నారు. టెక్సస్‌కి వచ్చాక ఆ టోపీ కొన్నారు, ఆ బూట్లు కొన్నారు, మిగిలింది నడుముకి వేలాడేదే. బ్లాక్ ఫ్రైడే డీల్‌లో అది నూట చిల్లరకి కనపడితే గుండె ఆగుతుందా? అయితే మధ్యలో వీసా ఉంది. హెచ్1బీ వాళ్లు తుపాకీ పట్టుకోవడమే కేంద్ర చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వస్తే ఇబ్బంది లేదు గానీ, మనవాళ్ల లైను కదిలే వేగం చూస్తే ఈ సింగిల్ యాక్షన్ మెషీన్ గన్‌లా అనిపిస్తుంది.

కంగారేం లేదు, చట్టంలోనే ఓ కిటికీ పెట్టారు. అమెరికాలో జారీ అయిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. పదేళ్లు పన్నులు కట్టినా, ట్రాఫిక్ చలానా ఒక్కటైనా లేకపోయినా, ఇల్లు కొన్నా, పిల్లలు అక్కడే పుట్టినా నమ్మని దేశం, నేను జంతువుల్ని చంపుతాను అని రాతపూర్వకంగా చెప్పుకుంటే నమ్ముతుంది. ఆ లైసెన్సు టెక్సస్ వాసికి పెద్ద ఖరీదు కూడా కాదు. అలా ఏకాదశికి ఉపవాసం ఉండి, ఆమ్లెట్ వేసిన పెనం మీద దోసె తినని పెద్దమనిషి కూడా కాగితం మీద వేటగాడవుతాడు.

ఆ లైసెన్సు పెట్టి కొన్న రిమ్‌ఫైర్ రివాల్వర్‌తో జింకను కొట్టడం మాత్రం టెక్సస్‌లో చట్టవిరుద్ధం. దెబ్బ చాలదు, జింక గాయపడి నరకం పడుతుందని జాలి. కుందేలుకీ ఉడతకీ మాత్రం ఇది చాలట. ఉడతనా అని మనవాళ్లు చెవులు మూసుకుంటారేమో, అవసరం లేదు. రాముడు వేళ్లతో నిమిరిన ఆ మూడు చారలూ మన ఉడత వీపు మీదే ఉంటాయి. టెక్సస్‌లో చెట్లెక్కే ఉడతకి చారల్లేవు, నేను చూశాను.