రోజూ పెట్టుకునే ఉంగరానికి ఏ రాయి?

నిశ్చితార్థపు ఉంగరానికి వజ్రమే ఉండాలన్న నియమం లేదని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాసిన మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మా అమ్మ పెళ్లిలో మంగళసూత్రం, మట్టెలే తప్ప వజ్రం ఊసే లేదు. అయితే వజ్రానికి బదులుగా వాడదగిన రాళ్లంటూ ఆ వ్యాసం ముత్యాన్నీ నీలాన్నీ ఒకే గాటన కట్టడం మాత్రం నాకు నచ్చలేదు.

మా చెల్లెలు ఎంతో మోజుపడి నిశ్చితార్థానికి ముత్యపుటుంగరం చేయించుకుంది. అంట్లు తోమినా, చెమట పట్టినా, సెంటు రాసుకున్నా వేలినుంచి తీయలేదు. రెండేళ్లకే మెరుపంతా పోయి సున్నపు ఉండలా మిగిలింది. ఎంత బాధపడిందో! రాయి గీతలు పడకుండా ఎంత గట్టిగా ఉంటుందో 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ స్కేలు మీద ముత్యం కాఠిన్యం 2.5 నుంచి 4.5 మధ్య ఉంటుంది. దుమ్ములో కలిసి ఉండే ఇసుక రేణువులది 7. ఇక ఉత్త దుమ్ము తుడిచినా గీతలు పడతాయి.

కెంపు, నీలం రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం, కాఠిన్యం 9. ఇంటిపని, బయటపని చేసే చేతికి అవే మేలు. శని భయంతో నీలం వద్దనే పెద్దలు ఇంట్లో ఉంటే వారిని నొప్పించనక్కరలేదు, కెంపు ఉంది కదా. ధగధగలే కావాలంటే వజ్రంలా కనిపించే మోయిస్సనైట్ అనే రాయి చూడండి. దాని కాఠిన్యం సుమారు 9.25, పైగా వెలుగును వజ్రం కంటే ఎక్కువగా రంగులుగా విరజిమ్ముతుంది. పచ్చకు లోపల సహజంగానే సన్నని పగుళ్లుంటాయి. వాటిని తరచూ నూనెతో నింపుతారు కనుక వేడినీళ్లు తగలనివ్వకూడదు.

ఏది కొన్నా, రాయి సహజమైనదా, ప్రయోగశాలలో తయారైనదా అన్నది బిల్లు మీద తప్పకుండా రాయించుకోండి.