బోస్ కంపెనీ నేతాజీ మనవడిదట, పైగా ధర్మసంస్థ అట!

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి. అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు. పాత కస్టమర్ ఒకాయన పంపింది ఒకటి. చివరికి కాజీపేట బావ. ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. బావ అయితే కింద "నువ్వు స్పీకర్ల మెకానిక్‌వి గదా, నీకు పనికొస్తది" అని కూడా రాశాడు. పనికొచ్చింది బావా. హనుమకొండలో దుకాణం తెరిచి, బల్ల మీద మూడు ఆంప్లిఫయర్లు విప్పి పెట్టుకుని, వాటిని ముట్టుకోకుండా ఇది రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, అందులో ఉన్నది ఇదీ: "ప్రపంచాన్ని ఊపేస్తున్న బోస్ స్పీకర్ల యజమాని మన భారతీయుడే. నేతాజీ మనవడు అమర్ బోస్. కన్నకొడుక్కి పైసా ఇవ్వకుండా కంపెనీ మొత్తం ఎంఐటీకి రాసిచ్చేశాడు. ఇప్పుడు ఆ కాలేజీ విద్యార్థులే కంపెనీని నడుపుతున్నారు. సీఈఓ మన తెలుగువాడే. జేబీఎల్, హర్మాన్ చైనావి, కొనకండి. బోస్ ధర్మసంస్థ కాబట్టి లాభం తీసుకోదు, అందుకే పండగకు 45 వేల సెట్టు 3,999కే. షేర్ చేయండి, గర్వపడండి." దాని కింద ఒక ఫోన్ నంబరు. తెలియనివాళ్ల కోసం ఒక మాట: ఎంఐటీ అంటే అమెరికాలో పేరున్న ఇంజినీరింగ్ విద్యాసంస్థ. జేబీఎల్, హర్మాన్ కూడా బోస్‌లాగే స్పీకర్ల కంపెనీలు.

గర్వపడే ముందు కాస్త కూడికలు, తీసివేతలు చేద్దాం.

నేతాజీ పుట్టింది 1897లో. అమర్ బోస్ పుట్టింది 1929లో, ఫిలడెల్ఫియాలో. అంటే నేతాజీ 32 ఏళ్లకే తాతయ్యారన్నమాట. పోనీ, అదీ ఒప్పుకుందాం. ఆయన ఒక్కగానొక్క కూతురు అనిత పుట్టిందే 1942లో. అమ్మకంటే 13 ఏళ్లు పెద్దవాడైన కొడుకును ఈ మెసేజ్‌లోనే చూశాను. బెంగాల్‌లో బోస్ అంటే మన దగ్గర పేరు చివర రావు ఉన్నట్టు. రావులంతా పీవీకి చుట్టాలే అయితే లక్నేపల్లిలో పెళ్లి పందిరి నర్సంపేట దాకా వేయాల్సి వచ్చేది.

నాకు బాధ కలిగేది ఎక్కడంటే, అసలు కథే బాగుంటుంది. అమర్ బోస్ తండ్రి నోనీ గోపాల్ బోస్ బ్రిటిష్ వాళ్ల మీద పోరాడి జైలుకెళ్లిన మనిషి. మళ్లీ పట్టుకుంటారని 1920లో కలకత్తా వదిలి అమెరికా పారిపోయారు. సొంత తండ్రే విప్లవకారుడైనాయనకు అరువు తాత ఎందుకు?

"యజమాని భారతీయుడే" అన్న ముక్కకు ఎక్కువసేపు అక్కర్లేదు. అమర్ బోస్ అమెరికాలో పుట్టారు, 1964లో కంపెనీ అక్కడే పెట్టారు, 2013లో కాలం చేశారు. ఎప్పుడో పోయినాయనను ఇంకా యజమానిని చేసి కూర్చోబెట్టడం ఏం మర్యాద?

సీఈఓ తెలుగువాడట. ఏ మెసేజ్‌కైనా కరివేపాకులాగా ఒక తెలుగువాణ్ని వేయకపోతే మనకు ముద్ద దిగదు. 2020 సెప్టెంబర్‌లో ఆ కుర్చీలోకి వచ్చింది లీలా స్నైడర్, ఆ కంపెనీకి తొలి మహిళా సీఈఓ. లీల అని ఉంది కాబట్టి గుంటూరు ఆడపడుచు అయ్యుంటుందని రేపు మరో మెసేజ్ తయారు చేయకండి దయచేసి.

ఇక జేబీఎల్, హర్మాన్ చైనావట. హర్మాన్‌ను 2017 మార్చిలో సామ్‌సంగ్ కొనేసింది, 800 కోట్ల డాలర్లు పెట్టి. సామ్‌సంగ్ ఏ దేశానిదో చిన్నపిల్లలకూ తెలుసు. జేబీఎల్ ఆ హర్మాన్ గొడుగు కిందే ఉంది. 1946లో దాన్ని మొదలుపెట్టిన జేమ్స్ బులో లాన్సింగ్ పేరులోని మూడు అక్షరాలే జేబీఎల్. ఇందులో తమాషా ఏంటంటే, హర్మాన్‌ను 2007 నుంచి 2020 దాకా నడిపినాయన ఆగ్రాలో పుట్టిన దినేశ్ పాలీవాల్. అంటే మనవాడు సీఈఓగా ఉన్న స్పీకర్ల కంపెనీ కావాలంటే అది ఈ మెసేజ్ వద్దన్నదే! డబ్బా వెనక మేడ్ ఇన్ చైనా అని ఉంటే కంపెనీ చైనాది అయిపోదు. తయారైన చోటు వేరు, సొంతదారు వేరు, నడిపేవాళ్లు వేరు. మా ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా మీద వ్యాపారి మార్కు ఉంటుంది. ఆ మార్కు చూసి మిర్చి ఆయన చేన్లోనే పండిందని ఎవరైనా అనుకుంటారా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. "కంపెనీ మొత్తం ఎంఐటీకి రాసిచ్చేశాడు, విద్యార్థులే నడుపుతున్నారు."

2011లో అమర్ బోస్ ఎంఐటీకి షేర్లు ఇచ్చిన మాట నిజం. కంపెనీ షేర్లలో ఎక్కువ భాగం ఇచ్చారు, అదీ నిజమే. కానీ ఇచ్చినవి ఓటు హక్కు లేని షేర్లు. కంపెనీకి లాభం వస్తే డివిడెండ్ రూపంలో కాలేజీకి వాటా వెళ్తుంది, దాన్ని చదువులకూ పరిశోధనలకూ వాడుకోవాలి. ఆ షేర్లను కాలేజీ అమ్ముకోవడానికి లేదు. కంపెనీ నడపడంలో వేలు పెట్టడానికీ లేదు.

మన దగ్గర పొలం పాలుకు ఇచ్చినవాళ్లకు ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పంట వస్తే నీ పాలు నీకు వస్తుంది. అయితే ఇక్కడ ఒప్పందం ఇంకా గట్టిది. గట్టు మీదికి వచ్చి పత్తి పెట్టు, మిర్చి పెట్టు అనకూడదు. పాస్‌బుక్కులో ఎక్కువ కుంటలు నీ పేరు మీదే ఉన్నా, పిల్ల పెళ్లికని రెండు కుంటలు అమ్ముతానంటే కుదరదు. పంట పోయిన ఏడు నీకు గింజ రాదు. "పొలం నాదే" అని ఊళ్లో చెప్పుకోవచ్చు, చెప్పుకున్నంత మాత్రాన మోటరు ఎప్పుడు వేయాలో నిర్ణయించేది నువ్వు కాదు.

అందుకే ఎవరిది అన్న ప్రశ్న, ఎవరు నడుపుతున్నారు అన్న ప్రశ్న ఒకటి కావు. ఈ మెసేజ్ రెంటినీ కలిపి రుబ్బేసింది. విద్యార్థులు నడుపుతున్నారట! హాస్టల్లో మెస్ కమిటీ నడిపినవాళ్లు మన గ్రూపులో కనీసం పదిమంది ఉన్నారు. నెలాఖరుకు పప్పు ఎంత పలచగా అయ్యేదో వాళ్లనే అడగండి. 2024 నవంబర్‌లో బోస్ కంపెనీ మెకింటోష్ గ్రూపును కొనేసింది. దాంతో మెకింటోష్ ఆంప్లిఫయర్లు, సోనస్ ఫాబర్ స్పీకర్లు దాని చేతికి వచ్చాయి. ఈ బేరాన్ని సెమిస్టర్ పరీక్షల మధ్యలో ఎవరో బీటెక్ పిల్లాడు కుదిర్చాడంటారా?

విద్యార్థుల మాటలో పిసరంత నిజం ఉంది, అదీ చెప్పేస్తాను. అమర్ బోస్ కంపెనీ పెట్టాక కూడా 2001 దాకా ఎంఐటీలో పాఠాలు చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్న షెర్విన్ గ్రీన్‌బ్లాట్ కంపెనీకి తొలి ఉద్యోగి, తర్వాతి రోజుల్లో ప్రెసిడెంట్ కూడా అయ్యారు. శిష్యుడు ఉద్యోగంలో చేరి ఎదగడం వేరు, కాలేజీ కంపెనీని నడపడం వేరు.

"కొడుక్కి పైసా ఇవ్వలేదు" అన్నదానికి మెసేజ్‌లో ఉన్న ఆధారం ఒక దండం బొమ్మ. కొడుకు వానూ బోస్ సొంతంగా వైర్‌లెస్ కంపెనీ పెట్టుకున్నాడు, 2017లో చనిపోయాడు. చనిపోయినవాళ్ల ఆస్తి పంపకాలు మన గ్రూపుకెందుకు?

నిజానికి ఇంతవరకూ ఉన్నవన్నీ నవ్వుకుని వదిలేసేవే. నేతాజీని తాతను చేస్తే ఎవరి జేబూ చిరగదు. నాకు మండింది ఆఖరి రెండు లైన్లకు: "ధర్మసంస్థ కాబట్టి లాభం తీసుకోదు, అందుకే 3,999."

పైన కాలేజీకి రాసిచ్చాడు అన్నది మీరే. కాలేజీకి వెళ్లేది లాభంలో వాటా. లాభమే తీసుకోకపోతే కాలేజీకి ఏం వెళ్తుంది, ఖాళీ అట్టపెట్టెలా? మెసేజ్ రాసినవాడు ఏడో లైను రాసేసరికి మూడో లైను మర్చిపోయాడు. సరే, వాడి పొట్టకూటి తిప్పలు వాడివి. ఫార్వర్డ్ చేసిన మీలో ఒక్కరైనా రెండు లైన్లూ కలిపి చదివారా?

ఆ నంబరుకు ఫోన్ చేసినాయన ఒకరు నాకు తెలుసు. పరకాలలో ఉండే మా చిన్నాయిన. బతుకమ్మకు వాకిట్లో పాటలు పెట్టుకోవాలని ముచ్చటపడి 3,999 ముందే కట్టాడు. వారానికి డబ్బా వచ్చింది. అయిదు రోజులు మోగి ఆగిపోతే, సంచిలో పెట్టుకుని బస్సెక్కి నా దగ్గరికి తెచ్చాడు. బల్ల మీద పెట్టి, "మంచి బరువున్నది బిడ్డా, అసలు మాలే. చిన్న వైరేదో ఊడినట్టున్నది, చూడు" అన్నాడు.

బరువు ఉన్న మాట నిజమే. వెనక నాలుగు స్క్రూలు విప్పాను. లోపల అడుగున సిమెంటు ముద్ద, గ్లూ గన్‌తో అంటించి ఉంది. తూకం వేస్తే 800 గ్రాములు. ముందు వైపు రెండు వెండిరంగు ట్వీటర్లు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, మెరుస్తున్నాయి గదా, వాటికి వెనక వైరు లేదు. మాగ్నెట్ కూడా లేదు. వట్టి ప్లాస్టిక్ బిళ్లలు. పలికేది మధ్యలో ఉన్న ఒక్క చిన్న కాగితం కోన్, దాని కాయిల్ కాలిపోయి నల్లగా ఉంది. ముందు జాలీ మీద మాత్రం ఇంగ్లిష్‌లో బోస్ అని చక్కగా చెక్కారు, అక్షరాలు కాస్త పక్కకు వాలి.

"చిన్నాయినా, 45 వేల సెట్టు నాలుగు వేలకు ఎట్ల ఇస్తరనుకున్నవు?" అని అడిగాను.

"అదే రాసిండ్రు గదరా, ధర్మానికని. ఆ బెంగాలాయన కాలేజీకి దానం చేసిండట గదా. నువ్వు సుత చెప్పినవు ఒకసారి."

చేతిలో స్క్రూడ్రైవర్ అక్కడే ఆగింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. కస్టమర్ల ముందు గొప్పకు "బోస్ అంటే ఎంఐటీ వాళ్లదే" అని ఏళ్ల తరబడి నేనూ చెప్పాను. ఓటు లేని షేర్లు, డివిడెండ్లు, ఇవన్నీ నేను సరిగ్గా చదివింది ఈ మధ్యనే. మా చిన్నాయిన నమ్మిన మాటలో సగం నా నోటి నుంచి వెళ్లిందే. మిగతా సగాన్ని ఆ ఫోన్ నంబరువాడు అతికించుకున్నాడు. వట్టి 3,999 అంటే మా చిన్నాయిన నమ్మేవాడు కాదు. పరకాల అంగట్లో కొత్తిమీర కట్టకే రెండు రూపాయలు తగ్గించందే కదలడు. దానం, చదువు, మనవాడు అనేసరికి జేబులో చెయ్యి పెట్టాడు.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. బావా, నువ్వు గర్వపడమన్నావు కదా, ఒక్క విషయంలో నేను నిజంగానే గర్వపడతాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమర్ బోస్‌కు 13 ఏళ్లు. ఇల్లు గడవడానికి స్కూలు స్నేహితుల్ని పోగేసుకుని ఇంట్లోనే రేడియోలు బాగుచేశాడు. రేడియో మెకానిక్! బంధుత్వం కలుపుకోవాలంటే నాకు అదొక్కటి చాలు. తర్వాత 1956లో చదువు అయ్యేవేళ ఒక స్టీరియో కొనుక్కుని, అది కాగితం మీద చెప్పినంత బాగా పలకట్లేదని విసుక్కుని, ఎందుకు పలకట్లేదో వెతుకుతూ పోయాడు. కంపెనీని స్టాక్ మార్కెట్‌కు తీసుకెళ్లలేదు, వచ్చిన లాభాన్ని పరిశోధనలోనే పోశాడు. కారు కుదుపులు తగ్గించే సస్పెన్షన్ మీద 1980లో మొదలుపెట్టి 2004లో గానీ బయటికి చూపించలేదు. షేర్ ధర కోసం రోజూ గోలపెట్టేవాళ్లు ఉంటే 24 ఏళ్లు ఆగనిచ్చేవారా? ఎవరిది అన్నదానికి నిజంగా విలువ ఉన్నది అక్కడ. ఆ సంగతి మాత్రం మెసేజ్‌లో లేదు.

చిన్నాయిన డబ్బాకు చివరికి ఒక దారి చూపించాను. సిమెంటు ముద్ద పీకేసి, నా దగ్గర పడి ఉన్న నాలుగించుల స్పీకర్ బిగించి, చిన్న బోర్డు ఒకటి మార్చాను. సామాన్ల ఖర్చు 450 అయింది, కూలి తీసుకోలేదు. ఇప్పుడు వాకిలి మందం పలుకుతుంది. సిమెంటు ముద్ద నా బల్ల మీదే ఉంది, బిల్లులు ఎగిరిపోకుండా బాగా పనికొస్తోంది. జాలీ మీద ఆ దొంగ పేరు గీకేద్దామని బ్లేడు తీశాను.

చిన్నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. "పేరు ఉండనీ బిడ్డా. మీ చిన్నమ్మకు ఇంకా చెప్పలే."