సగటు లెక్కకు అందని వాతావరణం

వాతావరణ మార్పు అనగానే కరిగే హిమనదాలు, ఈ శతాబ్దాంతానికి మునిగిపోయే తీరాలు చర్చకు వస్తాయి. రానున్న పది పదిహేనేళ్లలో తెలుగు నేలపై జనం చవిచూడబోయేవి అంతకంటే మామూలు సంగతులు: చల్లబడని రాత్రి, గంటల్లో కురిసిపోయే నెల రోజుల వాన, ఆపై చినుకు జాడ లేని వారాలు. మన అధికారిక లెక్కలు వీటిని పట్టుకోలేకపోవడమే మా ఆందోళన.

2023 సంగతే చూద్దాం. జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం కురిసింది. ఆ మరుసటి నెల మాత్రం, దేశం మొత్తమ్మీద, 1901 తర్వాత అత్యల్ప వర్షపాతం నమోదైన ఆగస్టుగా మిగిలింది. చివరికి దేశవ్యాప్తంగా సీజన్ వర్షపాతం దీర్ఘకాలిక సగటులో 94 శాతంగా తేలింది. సగటు లెక్కలో చూస్తే లోటు కొద్దిపాటిదే. ఇసుక మేటలు వేసిన వరినాట్లకు గానీ, పదును లేక వాడిన పత్తికి గానీ ఆ అంకెలో చోటు లేదు. నాటి ఆగస్టు వెలితిలో పసిఫిక్ సముద్ర జలాలు వేడెక్కే ఎల్‌నినోకూ పాత్ర ఉంది కనుక, ఒక్క ఏడాదిని చూపి అంతా భూతాపమేనని తీర్మానించడం తొందరపాటే అవుతుంది. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం అదనపు తేమను నిలుపుకోగలదని, ఆ తేమ ఒక్కుమ్మడిగా దిగినప్పుడు కుండపోత తప్పదని భౌతికశాస్త్రం ఏనాడో చెప్పింది. పురపాలక సంఘాలు మాత్రం పాత వానలకు సరిపడే కాలువలకే ఇంకా టెండర్లు పిలుస్తున్నాయి.

వేడి విషయంలో లోపం మరింత స్పష్టం. వాతావరణ శాఖ వడగాడ్పుల ప్రకటనకు ప్రధాన ప్రాతిపదిక పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత: మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37, దానికి తోడు సాధారణం కంటే కనీసం నాలుగున్నర డిగ్రీల పెరుగుదల. వెచ్చని రాత్రులకూ ఒక ప్రమాణం ఉంది గానీ, పగలు 40 దాటితేనే అది వర్తిస్తుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో పగలు 38 వద్దే ఆగి, గాలిలో తేమ నిండి, చెమట ఆరక తెల్లవార్లూ ఉక్కపోసిన రాత్రి ఈ లెక్కలోకి రాదు. పగటి ఎండ దెబ్బ నుంచి శరీరం తేరుకోవాల్సింది ఆ రాత్రి వేళల్లోనే. 2015 వేసవిలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా బలికాగా, వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే.

మండలాల్లో స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. అవి గంటగంటకూ నమోదు చేసే వాన తీవ్రత కాలువల రూపకల్పనకూ పంటల బీమాకూ ఆధారం కావాలి. రాత్రి ఉష్ణోగ్రతను, తేమను కలిపి చూసే హెచ్చరికలు జిల్లాల వారీగా వెలువడాలి. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారాన్ని 2025లో తెలంగాణ ప్రకటించడం హర్షణీయమే. అయితే ఎండలో కుప్పకూలిన వ్యక్తి మరణాన్ని నిరూపించినంత సులువుగా, రేకుల గదిలో నిద్రలోనే ప్రాణం విడిచిన వృద్ధురాలి మరణాన్ని నిరూపించలేరు. ఇంటి వద్ద సంభవించిన వేసవి మరణాలను ఆ రోజుల ఉష్ణోగ్రత, తేమ వివరాలతో సరిపోల్చి నమోదు చేసే పద్ధతిని వచ్చే మార్చిలోగా రెండు ప్రభుత్వాలూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో అమల్లోకి తేవాలి.