కోఠి దొరవారికి, బస్సులోంచి

మహారాజశ్రీ హైదరాబాద్ రెసిడెన్సీ భవనం గారికి,

సీటు దొరకలేదు, నిలబడే రాస్తున్నాను. దస్తూరీ వంకరపోతే మన్నించాలి. కండక్టర్ పొద్దస్తమానం ‘కోఠీ, కోఠీ’ అని అరిచేది తమరి పేరేనని, కోఠీ అంటే భవంతి అని ఈ బస్సులో చాలామందికి తెలియదు. కోఠి అంటే పాత పుస్తకాలు, బేరాలు అనుకుంటారు పాపం.

తమరి పుట్టుకే ఓ కనికట్టు. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) కర్క్‌పాట్రిక్ దొర పెద్ద కాగితం మీద ప్లాన్ గీసి చూపిస్తే నిజాం కుదరదన్నాడట. అదే ప్లాన్‌ని చిన్న కార్డు మీదికి కుదించి తీసుకెళ్తే ‘ఓస్, ఇంతేనా’ అని సరేనన్నాడట. కథే కావచ్చు. కానీ ప్లాన్ పాస్ చేయించుకోవడంలో మా బిల్డర్లకు ఆదిగురువెవరో తేలిపోయింది. పైగా డబ్బు నిజాంది, పెత్తనం కంపెనీది. సొంత ఖర్చుతో ఇల్లు కట్టించి, అందులో దిగినవాడి ముందు చేతులు కట్టుకున్న యజమాని ఇంకెక్కడైనా ఉంటాడా?

1857 జులై 17న కంపెనీ మీద తిరగబడ్డ తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో తమరి మీదికి వచ్చారు. ఫిరంగులు మోగాయి గానీ మెట్ల దగ్గరి సింహాలు మాత్రం మీసం కూడా కదపలేదు. ఇప్పుడు కోఠిలోనే ఓ రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరు. రోజూ వినడానికి ఎలా ఉందో?

గోషాలో ఉన్న కర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా బేగం తమరి ముందు భాగం చూసే వీల్లేక, ఆమె తోటలో తమరి బుల్లి నమూనా కట్టించారని చెబుతారు. సొంతింటి ముఖం బొమ్మలో చూసుకోవడం! 1949లో ఆడపిల్లల కాలేజీ ఇక్కడికి మారింది. బొమ్మతో పనిలేకుండా ముందు మెట్లెక్కి లోపలికెళ్లారు. ఆ గోడలు విన్న మొదటి పనికొచ్చే మాట ‘ప్రెజెంట్ మేడమ్’ అనే నా నమ్మకం.

తమరు మాత్రం వాళ్ల నెత్తిన పెచ్చులు రాల్చారు. తప్పు తమరిది కాదులెండి, వారసత్వం అంటూ ఫొటోలు దిగి వెళ్లిపోయినవాళ్లది. పాత కట్టడాలను కాపాడే సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ చేయి వేశాక గానీ తమరి ఒంటికి మళ్లీ సున్నం తగల్లేదు.

2022లో విశ్వవిద్యాలయమయ్యారు. 2024లో చాకలి ఐలమ్మ పేరు వచ్చింది. భూమి కోసం దొరను ఎదిరించిన మనిషి పేరు, దొర కట్టించుకున్న కోఠికి! సింహాలకు ఈ సంగతి ఎవరైనా నెమ్మదిగా చెప్పండి.

ఉంటాను. ‘ఉమెన్స్ కాలేజీ దిగేవాళ్లు ముందుకు రండి’ అంటున్నాడు కండక్టర్.

ఇట్లు,
ఫుట్‌బోర్డు ప్రయాణికుడు